పర్మిట్ మీద ఉన్న పేరు

నా ఉద్యోగం ఏమిటో ఇంట్లో వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పడం నాకు ఎప్పుడూ పెద్ద పరీక్షే. ఒకసారి మా అమ్మాయిని కూర్చోబెట్టి ఓపిగ్గా వివరించాను. ఒక బ్యాంకు మునిగిపోయే స్థితికి వచ్చిందనుకో, దాన్ని ఉన్నపళంగా మూసేస్తే జీతాలు పడవు, కార్డులు పనిచెయ్యవు, ముసలివాళ్ళ పెన్షన్లు ఆగిపోతాయి. అందుకని ప్రభుత్వం తరఫున ఒక సంస్థ రంగంలోకి దిగుతుంది. శుక్రవారం సాయంత్రం బ్రాంచీలు మూశాక బ్యాంకుని తన చేతిలోకి తీసుకుని, బాగున్న భాగాన్ని వేరుచేసి, సోమవారం పొద్దున్నకల్లా ఇంకో పేరుతో తలుపులు తెరిపిస్తుంది. దీన్నే రిజల్యూషన్ అంటారు. ఆ శనాదివారాల్లో ఏ పనీ ఆగకుండా ఉండాలంటే ఏమేం కావాలో ముందే ఆలోచించి, బ్యాంకుల చేత సిద్ధం చేయించడం నా పని. అంతా విని మా అమ్మాయి, "సో మామ్, యూ ప్లాన్ ఫ్యూనరల్స్," అంది. కాదే, పొయ్యి ఆర్పకుండా వంటిల్లుని పక్కింటికి మార్చడం లాంటిది అన్నాను. అప్పటికే తను ఫోన్లో మునిగిపోయింది.

ఆ పనిలో నాకు చాదస్తం ఎక్కువని పేరు. ఆ పేరంటే నాకు లోపల కాస్త గర్వం కూడా. బ్యాంకుకి సర్వర్లు అద్దెకిచ్చేవాళ్ళు, కార్డులు ముద్రించేవాళ్ళు, ఏటీఎంలలో డబ్బు నింపేవాళ్ళు, చివరికి జనరేటరుకి డీజిల్ పోసేవాళ్ళు, అందరి ఒప్పందాలూ తిరగేసేదాన్ని. "బ్యాంకు చేతులు మారింది, ఇక మాకు సంబంధం లేదు" అని ఒక్కరు కూడా తప్పుకోవడానికి వీల్లేకుండా అందులో ఒక షరతు పెట్టించేదాన్ని. సాఫ్ట్‌వేర్ లైసెన్సులు మరీ చిత్రమైనవి. అవి కొన్నవాడి పేరు మీదే చెల్లుతాయి, పేరు మారితే పనిచెయ్యనంటాయి. వాటినీ ఒక్కొక్కదాన్నీ వెంటపడి సరిచేయించాను. ఇక ఏ గాలి వచ్చినా పర్వాలేదనుకుని నిశ్చింతగా ఉన్నాను.

ఈ మధ్యే అలా సిద్ధం చేయించిన బ్యాంకుల్లో ఒకటి నిజంగానే మునిగింది. పేరు చెప్పను, ఈ కెనడా పశ్చిమ తీరంలో మధ్యస్థంగా ఉండే బ్యాంకు అనుకోండి. దానికి బర్నబీలో సొంత టెక్నాలజీ కంపెనీ ఒకటి ఉంది. బ్యాంకు చెల్లింపులన్నీ, అంటే జీతాలూ పెన్షన్లూ ఇళ్ళ వాయిదాలూ, ఆ కంపెనీలోంచే వెళ్ళాలి. ఆ చెల్లింపుల యంత్రాంగం లోతుపాతులు తెలిసినవాళ్ళు ముగ్గురంటే ముగ్గురు. ఒకరు ముఖ్యులు, రెండోవారు వాళ్ళు లేనప్పుడు చూసుకునేవారు, మూడోవారు ఆ ఇద్దరూ లేనప్పుడు చూసుకునేవారు. మా ప్లానులో అలాగే రాసుకున్నాం. ముగ్గురూ మనవాళ్ళే. టీమ్ లీడ్ గుంటూరు అమ్మాయి, భర్తతోనూ పాపతోనూ అమెరికా నుంచి ఇటు వచ్చింది. రెండో అతను కరీంనగర్ అబ్బాయి, సస్కటూన్‌లో చదువుకుని ఉద్యోగానికి ఇక్కడికి చేరాడు. మూడో ఆయన కడప నుంచి వచ్చిన పెద్దమనిషి తరహా మనిషి. అమ్మాయి, అబ్బాయి అంటున్నాను గానీ అందరూ ముప్పై దాటినవాళ్ళే.

ఇక్కడ మనవాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. కెనడాలో మనవాళ్ళు ఏదైనా మాట్లాడతారు. జీతం చెబుతారు, ఇల్లు ఎంతకి కొన్నారో చెబుతారు, అల్లుడి మీద చాడీలు కూడా చెబుతారు. పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండిపోవడానికిచ్చే అనుమతి, దాని సంగతి మాత్రం అది వచ్చి చేతిలో పడేదాకా నోరు విప్పరు. దిష్టి తగులుతుందని. "ఎక్కడిదాకా వచ్చింది?" అని ఎవరైనా అడిగితే జవాబు ఒక్కటే: "ఆ, నడుస్తోందండీ." ఆ మాటకి అర్థం ఇంకా అప్లై చెయ్యలేదని కావచ్చు, నిన్న సాయంత్రమే వచ్చేసిందని కూడా కావచ్చు. ఒక రోజు ఆఫీసు బ్రేక్‌రూమ్‌లో కాజూ కత్లీ డబ్బా కనిపిస్తుంది. ఓహో, వీళ్ళకి వచ్చేసిందన్నమాట అనుకుని అందరూ కంగ్రాట్స్ చెబుతారు. అంతే, విషయం ముగిసిపోతుంది. నేనూ నా రోజుల్లో అలాగే దాచుకున్నాను కాబట్టి, ఎవర్నీ రెండోసారి అడగడం నా వల్ల కాదు.

శుక్రవారం సాయంత్రం బ్రాంచీలు మూసేశాక ఆ టెక్నాలజీ కంపెనీ వాళ్ళందరికీ కబురు చెప్పారు. నాకు అంతకుముందే తెలుసు, కానీ మా ఆయనకి కూడా చెప్పకూడదు. అలా కడుపులో పెట్టుకుని తిరిగే రోజులు పగవాళ్ళకి కూడా రాకూడదు. చెప్పేశాక ప్రాణం తేలికపడింది. ఎవరూ గోల చెయ్యలేదు. కరీంనగర్ అబ్బాయి, "అయితే రేపు రావాల్నా అక్కా?" అని మాత్రం అడిగాడు. రావాలన్నాను. సరే అని తలూపి వెళ్ళిపోయాడు. ఇంత సజావుగా జరిగిపోతోందేమిటా అని నాకు అప్పుడే అనుమానం రావలసింది.

శనివారం పొద్దున ముగ్గురూ వచ్చేశారు, పనిలో పడ్డారు. బ్యాంకుని చేతిలోకి తీసుకున్న సంస్థ తరఫున ఒట్టావా నుంచి వచ్చిన అధికారిణి కూడా అక్కడే ఉంది. ఆమె మాంట్రియల్ మనిషి, ఆమె ఇంగ్లీషు మాట్లాడినా ఫ్రెంచి వింటున్నట్టే ఉండేది. కంగారన్నది తెలియదు, ఎంత పెద్ద విషయమైనా టీ కప్పు చేత్తో పట్టుకునే వినేది. మధ్యాహ్నం ఆమె ఉద్యోగులందరికీ ఒక కాగితం పంచింది. టెక్నాలజీ కంపెనీలోని వాళ్ళందర్నీ సోమవారం నుంచి నేరుగా కొత్త బ్యాంకులోకి తీసుకుంటున్నాం, జీతం అదే, పని అదే, సంతకం పెట్టండి అని దాని సారాంశం. అందరూ పెన్నులు తీశారు. గుంటూరు అమ్మాయి చదివింది, మళ్ళీ చదివింది, పెన్ను మూత పెట్టేసి నా దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఒక్క నిమిషం బయటికి వస్తారా?"

కారిడార్‌లోకి వెళ్ళాం. ఆ అమ్మాయి గొంతు తగ్గించింది.

"నా వర్క్ పర్మిట్ క్లోజ్డ్ పర్మిట్ అక్కా. దాని మీద ఈ కంపెనీ పేరు ఉంది. వేరే కంపెనీలో పని చెయ్యడానికి లేదు. సోమవారం నుంచి కొత్త బ్యాంకంటున్నారు. అలాగైతే సోమవారం నేను కీబోర్డ్ ముట్టుకోను."

"నీకు పీఆర్ రాలేదా?" అన్నాను.

"నడుస్తోందక్కా."

"ఇప్పుడు కూడా నడుస్తోందంటావేంటే! సరిగ్గా చెప్పు."

"అప్లై చేశాం. ఇంకా రాలేదు. ఇప్పుడు పర్మిట్ లేని చోట పని చేశానని ఎవరైనా అంటే అది కూడా పోద్ది. మొత్తం పోద్దక్కా."

ఆ అమ్మాయి మాటలో తప్పేమీ లేదు. క్లోజ్డ్ పర్మిట్ అంటే అంతే. ఏ యజమాని పేరు రాసుంటే ఆ యజమాని దగ్గరే పని. సాఫ్ట్‌వేర్ లైసెన్సుల మీద ఎవరి పేరుందో ఒక్కొక్కటీ చూసిన మహాతల్లిని, మనుషుల లైసెన్సు మీద ఎవరి పేరుందో చూడాలన్న ఆలోచనే నాకు రాలేదు. హెచ్‌ఆర్ వాళ్ళకి తెలుసు. కానీ అది వ్యక్తిగత వివరం, వాళ్ళు బయటపెట్టరు. పెట్టకూడదు కూడా.

ఇంకా ఇద్దరున్నారు కదా అని ధైర్యం తెచ్చుకున్నాను. సోమవారం పొద్దున మొదటి విడత చెల్లింపులు పంపడానికి ఒక మనిషి చాలు. కరీంనగర్ అబ్బాయిని పిలిచాను.

"నీకు పీఆర్ వచ్చింది కదా. మొన్నీమధ్య స్వీట్లు కూడా తినిపించావు."

అతను తల గోక్కున్నాడు. "అవి కారు కొన్నందుకక్కా. సెకండ్ హ్యాండ్‌ది. మీరంతా కంగ్రాట్స్ కంగ్రాట్స్ అంటుంటే నేనేం జెప్పాలె? నవ్వి ఊకున్న."

"అంటే నీది కూడా?"

"క్లోజ్డే అక్కా."

కడపాయన మా వెనకే నిలబడి వింటున్నాడని అప్పుడు చూశాను. ఆయన్ని నేను అడగనైనా లేదు. "నాదీ అంతే మేడమ్," అన్నాడు. "వీళ్ళిద్దరికీ వచ్చేసిందనుకొని, నాకొక్కడికే రాలేదని సిగ్గేసి చెప్పలేదు."

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఏళ్ళ తరబడి పక్కపక్కనే కూర్చున్నారు, కలిసి కాఫీకి వెళతారు, ఒకరి డబ్బాలో కూర ఒకరు తింటారు. ప్రతి ఒక్కరూ మిగతా ఇద్దరికీ వచ్చేసిందనుకుంటూ బతికారు. నాకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది, అంతలోనే నవ్వు ముంచుకొచ్చింది. "మీ దిష్టి తగలెయ్య! బ్యాంకుల గుట్టు దాచడం నా ఉద్యోగం. మీరు ముగ్గురూ నన్ను మించిపోయారు కదరా!" అన్నాను. కరీంనగర్ అబ్బాయి ముందు నవ్వాడు, తర్వాత కడపాయన. గుంటూరు అమ్మాయి నవ్వలేదు.

అధికారిణికి వెళ్ళి చెప్పాను. ఆమె టీ కప్పు కింద పెట్టింది. అంత మాత్రానికే విషయం గట్టిదని నాకు అర్థమైంది. ఒట్టావాలో ఉన్న తమ లాయరుకి ఫోన్ చేసింది. ఇలా ఒక కంపెనీ వ్యాపారం మొత్తం ఇంకో సంస్థకి మారినప్పుడు సాధారణంగా పాత పర్మిట్లే చెల్లుతాయి, ఇబ్బంది రాకపోవచ్చు, అయితే కాగితం మీద కచ్చితంగా చెప్పాలంటే ఇమ్మిగ్రేషన్ వాళ్ళని అడగాలి, ఈ శనాదివారాల్లో అయ్యే పని కాదు అని ఆయన చెప్పాడు.

ఆ మాట తీసుకెళ్ళి గుంటూరు అమ్మాయికి చెప్పాను. చాలా నెమ్మదిగా వింది.

"'సాధారణంగా' అన్నారా?"

"అన్నారు."

"అమెరికాలో మా ఆఫీసు చేతులు మారినప్పుడు కూడా ఇదే మాట అన్నారక్కా. సాధారణంగా ఇబ్బంది ఉండదమ్మా, నువ్వు పని చేసుకో అన్నారు. చేసుకున్నాను. ఆ మాట నమ్మి వీసా పోగొట్టుకుని, ఒక దేశం వదిలేసి వచ్చాను. ఇంకోసారి నమ్మలేను. రేపు రాత్రి దాకా నా యజమాని ఈ కంపెనీయే. అప్పటిదాకా చెయ్యాల్సిన పనంతా చేసి పెడతాను, ఒక్కటీ వదలను. సోమవారం నుంచి మాత్రం వద్దు."

మళ్ళీ అధికారిణి దగ్గరికి నడిచాను. ఆమె నన్ను కూర్చోమంది. "మీరూ వాళ్ళూ ఒకే భాష మాట్లాడతారు," అంది. "మీ భాషలో మీరు నచ్చజెబితే వింటారు కదా. సోమవారం జీతాలు పడకపోతే జనం బ్రాంచీల ముందు బారులు తీరతారు. ఇంతమంది ఇన్నాళ్ళు పడ్డ కష్టం ఒక్క పూటలో పోతుంది."

ఆమె అబద్ధమేమీ చెప్పలేదు. జనం ఒకసారి బెదిరితే మా ప్లానులేవీ నిలబడవు. అయినా నాకు కోపం వచ్చింది. అమ్మా, తల్లీ అని బతిమాలి ఆ అమ్మాయి చేత సంతకం పెట్టించడం నాకు చేతకాని పని కాదు. మనవాళ్ళ దగ్గర అక్కా అనిపించుకున్నవాళ్ళ మాటకి ఎంత బరువుంటుందో నాకు తెలుసు. తెలుసు కాబట్టే చెయ్యలేననిపించింది. "నాకే కచ్చితంగా తెలియనిది నా భాషలో నేను చెప్పను," అన్నాను. "మారాల్సింది వాళ్ళు కాదు, మన ప్లాను."

మరి ఏం చేద్దామంది. అప్పుడు నాకు తోచింది చెప్పాను. ఉద్యోగుల్ని కొత్త బ్యాంకులోకి మార్చడం ఎందుకు? టెక్నాలజీ కంపెనీని కంపెనీగానే ఉంచుదాం, పేరూ రిజిస్ట్రేషనూ ఏదీ కదపొద్దు. దాని వాటాలు మాత్రం కొత్త బ్యాంకు చేతికి వెళతాయి. కంపెనీ ఎప్పటిలాగే పని చేస్తుంది, చేసిన పనిని కొత్త బ్యాంకుకి ఒప్పందం మీద అందిస్తుంది. ఉద్యోగుల యజమాని నిన్న ఎవరో సోమవారం కూడా వాళ్ళే. పర్మిట్ మీద ఉన్న పేరు చెక్కుచెదరదు. ఇదేమీ నేను కొత్తగా కనిపెట్టింది కాదు, చాలా బ్యాంకులు ముందు నుంచే ఇలా అమర్చుకుంటాయి. ఇక్కడ మనుషుల్ని నేరుగా కలిపేసుకుంటే పని సులువని పైవాళ్ళు అనుకున్నారు, అంతే.

ఆమె లేచి, ఫోన్ తీసుకుని పక్క గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఒట్టావాలో మాకంటే మూడు గంటలు ముందు, అక్కడివాళ్ళు అప్పటికే రాత్రి భోజనాలకి లేచి ఉంటారని నాకు దిగులు.

శనివారం ఏమీ తేలలేదు. ఆదివారం పొద్దున ఇంట్లో కుదురుగా కూర్చోలేక పెద్ద గిన్నెడు పులిహోర కలిపి ఆఫీసుకి పట్టుకెళ్ళాను. బయట సన్నగా వాన, ఎదురుగా కొండమీదున్న యూనివర్సిటీ మబ్బులో మునిగి కనబడడం లేదు. ముగ్గురూ నాకంటే ముందే వచ్చి ఉన్నారు. గుంటూరు అమ్మాయి తనకి తెలిసినదంతా మిగతా ఇద్దరికీ మళ్ళీ చెబుతోంది, వాళ్ళకి తెలిసిందే అయినా. అధికారిణి కాస్త పులిహోర రుచి చూసి, ఎండుమిరపకాయ కొరికి, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ రెండు రోజుల్లో ఆమె నిబ్బరం చెదరడం నేను చూసింది అప్పుడే.

మధ్యాహ్నం దాటాక ఆమె ఫోన్ మోగింది. వింది, రెండు మూడుసార్లు "వుయ్, వుయ్" అని ఫ్రెంచిలో అవునంది, పెట్టేసి నా వైపు చూసి తలూపింది. ఒప్పుకున్నారు. కంపెనీ కదలదు. పాత కాగితాలు వెనక్కి తీసుకుని, మీ యజమాని మారడం లేదని కొత్తవి ఇస్తామన్నారు. అక్కడే కుర్చీలో కూలబడ్డాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను, ఆకలేసింది. గిన్నె అడుగున మిగిలిన పులిహోరంతా నేనే తినేశాను.

గుంటూరు అమ్మాయి మాత్రం కొత్త కాగితాన్ని కూడా అంత తేలిగ్గా నమ్మలేదు. ఫోటో తీసి పక్క ఊరు సర్రీలో ఉన్న తన ఇమ్మిగ్రేషన్ లాయరుకి పంపింది. ఆయన పాపం పిల్లల ఈత క్లాసు దగ్గరున్నాడట, ఫోన్లో నీళ్ళ చప్పుడూ పిల్లల కేకలూ వినిపిస్తున్నాయి. ఆయన చదివి, యజమాని అదే, పర్మిట్ అదే, నిశ్చింతగా పని చేసుకోమన్నాడు. సాధారణంగా అని ఆయన అనలేదు. ఆ అమ్మాయి ఆ కాగితం మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని, "ఇప్పుడు ముట్టుకుంటానక్కా," అని తన సీట్లో కూర్చుంది. కరీంనగర్ అబ్బాయి, "నాకు పీఆర్ వచ్చిననాడు మైక్‌ల చెప్తక్కా. మళ్ళ స్వీట్ల కన్ఫ్యూజన్ వద్దు," అన్నాడు. కడపాయన పకపకా నవ్వాడు.

సోమవారం తెల్లవారుతుండగానే అందరం స్క్రీన్ల ముందు చేరాం. తూర్పు కెనడాలో అప్పటికే బారెడు పొద్దెక్కింది, మొదటి విడత వెళ్ళాల్సిన వేళ అయింది. గుంటూరు అమ్మాయి మీట నొక్కింది. ఒక వరస పచ్చగా మారింది, తర్వాత ఇంకో వరస, ఆ తర్వాత ఏది ఎప్పుడు మారిందో నేను చూడలేకపోయాను, కళ్ళు మసకబారాయి. జీతాలు వెళ్ళాయి. పెన్షన్లు వెళ్ళాయి. కార్డులు పనిచేస్తున్నాయని బ్రాంచీల నుంచి కబురు రావడం మొదలైంది. అధికారిణి వచ్చి నా భుజం మీద చెయ్యి వేసి ఏదో ఫ్రెంచిలో అంది. ఏమందో తెలియదు గానీ అర్థమైంది. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న పొద్దు ఇంకోటి లేదు.

కాఫీ తెచ్చుకుందామని కారిడార్‌లోకి వెళ్ళాను. అక్కడ కిటికీ దగ్గర గుంటూరు అమ్మాయి అటు తిరిగి ఫోన్లో మాట్లాడుతోంది. భర్తతోనని మొదటి మాటకే తెలిసిపోయింది. వెనక్కి తిరగబోయాను గానీ మాటలు చెవిన పడ్డాయి.

"ఏవండీ, లేచారా? ఆ, అయిపోయింది. అంతా బానే జరిగింది... లేదండీ, ఏం కాలేదు, నా ఉద్యోగం నాకుంది. ముందు ఆ సూట్‌కేసులు మంచం మీంచి తీసేసి పైన పెట్టెయ్యండి. సర్దినవన్నీ మళ్ళీ బీరువాలో పెట్టండి... నేనొచ్చి మడత పెడతాలెండి, ఎలాగో అలా తోసెయ్యండి. పాప లేచేలోపు అయిపోవాల."

బ్యాంకు కబురు విన్న శుక్రవారం రాత్రే సర్దేశారన్నమాట. రెండు రోజులూ ఆ అమ్మాయి నాతో ఒక కాగితం గురించి, ఒక పేరు గురించి వాదిస్తోందనుకున్నాను. ఇంట్లో మంచం మీద మూతలు తెరిచిన సూట్‌కేసులు పెట్టుకుని వచ్చి, ఇక్కడ కూర్చుని, ఇంత పనీ ఒక్క తప్పు లేకుండా చేసిందన్నమాట.

అటువైపు భర్త ఏమడిగాడో, ఆ అమ్మాయి ముక్కు ఎగపీల్చి, కిటికీ అద్దం మీద వేలితో ఏదో గీస్తూ అంది:

"దానికేం చెప్పొద్దండీ. డబ్బాలో చపాతీ పెట్టి, మామూలుగా స్కూలుకి పంపించెయ్యండి."

నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళిపోయాను.